"పాలు తాగుతోందా?" – ఆ ఒక్క ప్రశ్న చాలదు

అన్నం తింటూండగా పొలమారితే ఇంట్లో పెద్దవాళ్ళు నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. దూరాన ఉన్న చుట్టాల పేర్లు ఒక్కొక్కటే చెబుతూండగా దగ్గు తగ్గిపోతుంది. తలుచుకున్నవారి సంగతి ఎలా ఉన్నా, జరిగిందేమిటో మనకు తెలుసు. అన్నవాహికలోకి వెళ్ళవలసిన మెతుకో, నీటిచుక్కో దారితప్పి శ్వాసనాళం వైపు వెళ్ళింది. దగ్గు దాన్ని బయటికి నెట్టింది.

మరి పుట్టి ఒక్కరోజయిన బిడ్డకు పొలమారితే? ఆ బిడ్డ చెప్పలేదు. చాలాసార్లు గట్టిగా దగ్గను కూడా లేదు. పక్కన ఉన్నవారు చూసి గుర్తించాలి. ఆ పక్కన ఉన్నది డాక్టరు కాక, ఊళ్ళోని ఒక ఆరోగ్య కార్యకర్త అయితే, ఆమె చేతిలో ఉండేది ఒక ఫారం, ఒక పెన్ను. కాబట్టి ఆ ఫారంలో ఏ ప్రశ్న ఉందన్నది చిన్న విషయం కాదు. నవజాత శిశువుల్లో మింగడానికి సంబంధించిన ఇబ్బందులను గుర్తించడానికి ఆ ఫారం ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ లోపిస్తుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఉదాహరణకు బస్తర్‌ను తీసుకుందాం. రోడ్డు, ఆసుపత్రి, యంత్రం అన్నీ దూరంగా ఉన్నచోటనే ప్రశ్నకు అసలు పరీక్ష జరుగుతుంది.

ఒక్క గుటకలో ఎంత పని

మింగడం మనకు శ్రమలేని పనిగా కనిపిస్తుంది. నిజానికి ఒక్క గుటక వేయడానికి నోరు, గొంతు, అన్నవాహికలకు చెందిన ముప్ఫైకి పైగా కండరాలు ఒక వరుసలో పనిచేయాలి. వాటిని నడిపించేది మెదడు కింది భాగమైన మెదడు కాండం. గొంతులో గాలిదారి, ఆహారపు దారి ఒకదాన్నొకటి దాటి వెళ్తాయి. రైల్వే గేటు దగ్గర ఒకవైపు వాహనాలను ఆపి రెండోవైపు రైలును పంపినట్లు, గుటక పడే క్షణంలో ఊపిరి ఆగాలి, స్వరపేటిక మూసుకోవాలి, అన్నవాహిక తెరుచుకోవాలి.

శిశువు ఈ విద్యను పుట్టకముందే అభ్యసిస్తుంది. గర్భంలో పన్నెండో వారం ప్రాంతంలోనే ఉమ్మనీటిని మింగడం మొదలవుతుంది. నెలలు నిండే నాటికి రోజుకు అరలీటరు, అంతకు మించి కూడా మింగుతుంది. అందుకే గర్భంలో మింగలేని శిశువు చుట్టూ ఉమ్మనీరు పేరుకుపోతుంది. తల్లికి ఉమ్మనీరు మరీ ఎక్కువగా ఉందంటే బిడ్డ మింగుడును గురించి అనుమానించాలని డాక్టర్లు అనేది ఇందుకే.

అయితే పుట్టిన తర్వాత పని మరింత కష్టం. పాలు చీకాలి, మింగాలి, మధ్యలో ఊపిరి తీయాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దాదాపు సెకనుకొకసారి ఈ మూడు పనులనూ తాళం తప్పకుండా చేస్తుంది. ఈ తాళం గర్భధారణ 34వ వారం ప్రాంతంలో కుదురుకుంటుంది. అంతకంటే ముందు పుట్టిన బిడ్డ చీకగలదు, మింగగలదు, ఊపిరి తీయగలదు. కాని మూడింటినీ కలిపి చేయలేదు.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్ళకు గాలిదారిలో ద్రవం పడితే దగ్గు వస్తుంది. నవజాత శిశువుల్లో, ముఖ్యంగా నెలలు నిండనివారిలో, దగ్గుకు బదులు ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోవడం, గుండె వేగం తగ్గడం ఎక్కువగా కనిపిస్తుంది. "బిడ్డ దగ్గలేదు కాబట్టి అంతా బాగానే ఉంది" అనుకోవడానికి వీలులేదు.

బస్తర్‌లో బిడ్డను చూసేదెవరు?

1998లో విడదీయకముందు బస్తర్ జిల్లా ఒక్కటే కేరళ రాష్ట్రం కంటే పెద్దది. ఈనాడు ఆ నేలమీద ఏడు జిల్లాలు ఉన్నాయి. దక్షిణాన ఉన్న కోంట, భోపాలపట్నం మనకు దూరం కావు. కోంట వైపు వారికి జగదల్‌పూర్ కంటే మన భద్రాచలమే దగ్గర. 2005 తర్వాత అక్కడి అలజడులను తట్టుకోలేక గోదావరి పరిసర అడవుల్లోకి తరలివచ్చిన కుటుంబాలను మనం గుత్తికోయలంటున్నాం. కాబట్టి బస్తర్ బిడ్డల విషయం తెలుగు పాఠకులకు పరాయిది కాదు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000లో ఏర్పడింది. 2002లో అక్కడ "మితానిన్" పథకం మొదలయింది. మితానిన్ అంటే ఆ ప్రాంతపు ఆచారం ప్రకారం జీవితాంతం నిలిచే నెచ్చెలి. ప్రతి పాడాకు, అంటే మన భాషలో ప్రతి గూడేనికి, అక్కడి స్త్రీనే ఒకరిని ఎంచుకుని ఆరోగ్య విషయాల్లో శిక్షణ ఇచ్చారు. 2005లో దేశమంతటా వచ్చిన "ఆశా" పథకానికి ఇది ఒక ఆదర్శంగా నిలిచింది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటివద్దనే నవజాత శిశు సంరక్షణకు మార్గదర్శకాలను విడుదల చేసింది. వాటి ప్రకారం ఇంట్లో పుట్టిన బిడ్డను 1, 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఏడుసార్లు చూడాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను మూడో రోజు నుంచి ఆరుసార్లు చూడాలి.

ఇది మెచ్చుకోదగిన ఏర్పాటు. ఏ డాక్టరూ గడప తొక్కని ఇంట్లో కూడా పుట్టిన బిడ్డను ఆరేడుసార్లు ఒకరు చూస్తారు. ఇంతకు మించిన అవకాశం రోగనిర్ధారణకు దొరకదు. ఆ అవకాశాన్ని ఫారం పూర్తిగా వాడుకుంటోందా అన్నదే ప్రశ్న.

ఫారంలో ఉన్నదీ, లేనిదీ

ఆశా కార్యకర్తల శిక్షణ పుస్తకాల్లో బిడ్డను మొదటిసారి చూసినప్పుడు నింపవలసిన ఫారం ఉంది. బిడ్డకు మొదట ఏమి పట్టారు, ఎన్ని గంటలకు పట్టారు, బిడ్డ ఎలా తాగింది అని అది అడుగుతుంది. చివరి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇచ్చారు: గట్టిగా తాగింది, బలహీనంగా తాగింది, రొమ్ము తాగలేకపోతే చెంచాతో పట్టవలసి వచ్చింది, రొమ్మూ తాగలేదు, చెంచాతో పట్టినా తాగలేదు.

మొదట మంచిని చెప్పుకోవాలి. ఈ ప్రశ్న చాలా తెలివైనది. చీకలేని బిడ్డనూ, మింగలేని బిడ్డనూ వేరుచేసే ప్రయత్నం ఇందులో ఉంది. రొమ్ము తాగలేక చెంచాతో తాగగలిగిన బిడ్డకు మింగడం వచ్చు, చీకే బలం లేదు. రెండూ చేయలేని బిడ్డ పరిస్థితి మరింత తీవ్రం. పెద్ద ఆసుపత్రుల్లోని కేస్‌షీట్లలో కూడా ఇంత స్పష్టత అరుదు.

కాని ఈ నాలుగు జవాబులూ ఫలితాన్ని చెబుతాయి, జరిగిన తీరును చెప్పవు. పాలు పట్టినప్పుడు బిడ్డ ఉక్కిరిబిక్కిరి అయిందా? పెదవులు నీలంగా మారాయా? పాలు ముక్కులోంచి వచ్చాయా? పాలు పట్టకముందు కూడా నోట్లోంచి నురగ ఆగకుండా వస్తోందా? వీటికి గడులు లేవు. గట్టిగా చీకి, వెంటనే నీలంగా మారిన బిడ్డను ఏ గడిలో వేయాలి? "గట్టిగా తాగింది" అని రాస్తే అది అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

అదే ఫారంలో "బిడ్డలో అసాధారణమైనది ఏమైనా ఉందా" అన్న ప్రశ్న కూడా ఉంది. వంకర కాళ్ళుచేతులు, చీలిన పెదవి, ఇతరం అన్నవి అక్కడి జవాబులు. చీలిన పెదవిని మనం గ్రహణం మొర్రి అంటాం. అది ముఖం మీదనే ఉంటుంది, ఫారం అడగకపోయినా అందరికీ కనబడుతుంది. పాలు తాగడానికి ఎక్కువ అడ్డు వచ్చేది అంగిటి చీలిక. అది నోటిలోపల ఉంటుంది. పెదవి చక్కగా ఉన్న బిడ్డకు కూడా అంగిలి వెనుక భాగం చీలి ఉండవచ్చు. అటువంటప్పుడు నోట్లో శూన్యం ఏర్పడదు. చిల్లుపడిన గొట్టంతో కొబ్బరినీళ్ళు పీల్చినట్లవుతుంది. బిడ్డ గంటసేపు చీకుతుంది, కడుపు నిండదు, పాలు ముక్కులోంచి వస్తాయి. వేలుతో తడిమితే మెత్తని అంగిటి చీలిక తెలియకపోవచ్చు. టార్చి వేసి, నాలుకను కిందికి నొక్కి చూడాలి. అన్ని సదుపాయాలూ ఉన్న బ్రిటన్‌లోనే ఈ చీలికలు పుట్టినరోజున గుర్తింపు తప్పించుకుంటున్నాయని గమనించి, అక్కడి పిల్లల వైద్యుల రాయల్ కళాశాల 2014లో కళ్ళతో చూసే పరీక్షను గురించి ప్రత్యేక సూచనలు వెలువరించవలసి వచ్చింది.

2013లో మొదలయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తొమ్మిది పుట్టుక లోపాల జాబితాలో పెదవితోపాటు అంగిలినీ చేర్చింది. అది ముందడుగు. అన్నవాహిక లోపాలు మాత్రం ఆ తొమ్మిదింటిలో లేవు.

గడ్చిరోలి నేర్పిన పాఠం, దాని హద్దు

ఫారం ఇలా ఎందుకు తయారయిందో తెలుసుకోకుండా విమర్శించడం న్యాయం కాదు. ఈ పద్ధతికి మూలం బస్తర్‌ను ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉంది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 1986లో "సెర్చ్" అనే సంస్థను నెలకొల్పారు. 39 గ్రామాల్లో స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చి, నవజాత శిశువులకు ఇంటివద్దనే వైద్యం చేయించారు. పోలికకు మరో 47 గ్రామాలను తీసుకున్నారు. 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, మూడో సంవత్సరానికి నవజాత శిశు మరణాల రేటు పోలిక గ్రామాలతో చూస్తే 62 శాతం తగ్గింది.

వారి అసలు శత్రువు రక్తానికి సోకే ఇన్ఫెక్షన్. దాన్ని గుర్తించడానికి ఒక చిన్న జాబితా తయారుచేశారు. అందులో ఒక లక్షణం ఇది: ముందు బాగా చీకిన బిడ్డ ఇప్పుడు తగ్గించింది, లేదా మానేసింది. ఇంకొకటి: ముందు బాగా ఏడ్చిన బిడ్డ ఏడుపు ఇప్పుడు బలహీనమయింది. వీటితోపాటు కడుపుబ్బరం, మానని వాంతులు, డొక్కలెగరేయడం, ఊపిరి వేగం వంటివి ఉన్నాయి. ఏ రెండు ఒకేసారి కనిపించినా ఇన్ఫెక్షన్‌గా భావించి జెంటామైసిన్ ఇంజెక్షను, నోటిద్వారా కోట్రైమాక్సజోల్ మందు ఇచ్చారు.

"ముందు బాగుండి, ఇప్పుడు మారింది" అన్న షరతు ఎంత గొప్పదో చూడండి. ఒక్క మాటతో పుట్టుకతో వచ్చిన బలహీనతను, తర్వాత సోకిన జబ్బును వేరుచేస్తుంది. ఈ నేర్పు నవజాత శిశువుల ధనుర్వాతం నిర్ధారణలో కూడా ఉంది. మొదటి రెండు రోజులు మామూలుగా చీకి, ఏడ్చిన బిడ్డ మూడో రోజు నుంచి 28వ రోజు లోపల చీకలేకపోతే, కొయ్యబారితే, మూర్ఛలు వస్తే అది ధనుర్వాతం. రక్తపరీక్ష అక్కర్లేదు, ఎక్స్‌రే అక్కర్లేదు. తల్లిని "ఎప్పటినుంచి?" అని అడగడమే పరీక్ష. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించినట్లు 2015లో ధ్రువీకరణ లభించింది. టీకాలు, శుభ్రమైన కాన్పులు రోగాన్ని అరికట్టాయి. దాన్ని లెక్కపెట్టడానికి మాత్రం ఈ ప్రశ్నే సాయపడింది.

అయితే ఆ షరతే ఇంకొక బిడ్డను బయట వదిలేస్తుంది. మొదటి గుటక నుంచే మింగలేని బిడ్డకు "ముందు బాగుండడం" అన్నది లేదు. పైగా ఆ బిడ్డకు డొక్కలెగరడం, కడుపుబ్బరం ఉండవచ్చు. రెండు లక్షణాలు కలిశాయి కాబట్టి ఇన్ఫెక్షన్ అనుకుంటారు. మింగలేని బిడ్డకు నోటిద్వారా మందు పడుతుంది.

ఒకే జవాబు, నాలుగు కారణాలు

"పాలు తాగడంలేదు" అన్న ఒక్క జవాబు వెనుక కనీసం నాలుగు వేర్వేరు కథలు ఉంటాయి.

మొదటిది, నెలలు నిండకపోవడం. బిడ్డ చిన్నది. రెండు గుటకలు వేసి అలసిపోయి నిద్రపోతుంది. తల్లిపాలు పిండి, ఉగ్గుగిన్నెతోనో, చెంచాతోనో, ఒక గుటక పడ్డాక ఇంకొకటి చొప్పున పట్టాలి. ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఉంచాలి.

రెండోది, అంగిటి చీలిక. దీన్ని గురించి చెప్పుకున్నాం. బిడ్డను నిటారుగా పట్టుకుని, ఓపికగా చెంచాతో పట్టాలి.

మూడోది, ఇన్ఫెక్షన్ లేదా మెదడుకు సంబంధించిన జబ్బు. ఇన్ఫెక్షన్‌లో బాగున్న బిడ్డ మారుతుంది. కాన్పులో ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డ మొదటినుంచీ తోటకూర కాడలా వాలిపోయి ఉంటుంది.

నాలుగోది, అన్నవాహిక పూర్తికాకపోవడం. గొట్టం మధ్యలో తెగిపోయి, పై ముక్క సంచిలా మూసుకుపోతుంది. ఎక్కువమందిలో కింది ముక్క శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది. దాదాపు మూడు, నాలుగు వేల జననాలకు ఒకరిలో ఈ లోపం ఉంటుంది. పట్టిన పాలూ, ఊరిన ఉమ్మీ సంచి నిండాక పొంగి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఊపిరితోపాటు గాలి కింది ముక్క ద్వారా కడుపులోకి వెళ్ళి పొట్ట ఉబ్బుతుంది. పొట్టలోని ఆమ్లం అదే దారిన పైకి ఊపిరితిత్తుల్లోకి రావచ్చు. థామస్ గిబ్సన్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ రూపాన్ని 1697లోనే వర్ణించాడు. తెగిన ముక్కలను ఒకే ఆపరేషన్‌లో కలిపి బిడ్డను బతికించింది మాత్రం 1941లో, అమెరికాలోని మిచిగన్‌లో కామెరన్ హైట్. రోగం తెలిసినా, వైద్యం దొరకడానికి 244 ఏళ్ళు పట్టింది! ఈనాడు మంచి సదుపాయాలున్న కేంద్రాల్లో ఇటువంటి బిడ్డల్లో నూటికి తొంభైమందికి పైగా బతుకుతున్నారు. పాలు ఊపిరితిత్తుల్లోకి చేరకముందే గుర్తిస్తేనే అది సులభం.

మంచి సలహా ప్రమాదమయ్యే చోటు

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "గ్రామ కార్యకర్తకు కారణం ఎందుకు? పాలు తాగడంలేదంటే ఆసుపత్రికి పంపితే చాలదా?" ఇది తేలికగా తోసిపుచ్చే వాదన కాదు. భారత్‌తో సహా ఆరు దేశాల్లో జరిగి, 2008లో లాన్సెట్‌లో వెలువడిన అధ్యయనం ఒకటుంది. తీవ్రమైన జబ్బును పట్టుకునే ఏడు లక్షణాలను అది తేల్చింది. పాలు తాగడంలో ఇబ్బంది వాటిలో ఒకటి. మొదటి వారం వయసు బిడ్డల్లో, నిజంగా తీవ్ర జబ్బున్న నూరుమందిలో 85 మందిని ఈ ఏడు లక్షణాలు పట్టుకున్నాయి. జబ్బు తీవ్రం కాని నూరుమందిలో 75 మందిని అనవసరంగా పంపకుండా ఆపాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం మెచ్చుకోదగినదే.

కాని పంపడం ఒక్కటే వైద్యం కాదు. పంపిన తర్వాత దారిలో ఏమి చేయాలి? బిడ్డను వెచ్చగా ఉంచండి, దారి పొడవునా తల్లిపాలు ఇస్తూండండి, రొమ్ము తాగలేకపోతే పిండి చెంచాతో పట్టండి అన్నది అందరికీ ఇచ్చే సలహా. చాలామంది బిడ్డలకు అదే ప్రాణరక్ష. పాలు అందకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది.

అన్నవాహిక తెగిన బిడ్డకు మాత్రం ప్రతి చెంచా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆ బిడ్డకు నోటిద్వారా ఏమీ పట్టకూడదు. తల కొంచెం ఎత్తి పడుకోబెట్టి, నోట్లో చేరిన నురగను మాటిమాటికీ తీస్తూ తీసుకువెళ్ళాలి. కోంట నుంచి జగదల్‌పూర్ దాకానో, జగదల్‌పూర్ నుంచి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న రాయ్‌పూర్ దాకానో వెళ్ళే ప్రయాణంలో ఎన్ని చెంచాలు పడతాయో ఊహించండి! తల్లి ప్రేమతో, కార్యకర్త శ్రద్ధతో, చెప్పిన సలహాను తుచ తప్పకుండా పాటించే బిడ్డకు హాని చేస్తారు. తప్పు వారిది కాదు, ప్రశ్నది.

యంత్రాలు తెస్తే సరిపోతుందా?

విమర్శ అనగానే కొందరు యంత్రాలు కావాలంటారు. మింగుడును పరీక్షించే యంత్రాలు ఉన్న మాట నిజమే. బేరియం కలిపిన ద్రవాన్ని తాగిస్తూ కదిలే ఎక్స్‌రే బొమ్మలు తీసే పద్ధతిని జెరీ లాగ్‌మన్ 1983 నాటికి స్థిరపరిచారు. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి గొంతును చూసే పద్ధతిని సుసాన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు 1988లో ప్రకటించారు. పాలు నిశ్శబ్దంగా గాలిదారిలోకి జారుతున్నాయా అన్నది కంటికి చూపేవి ఇవే.

కాని నవజాత శిశువుల విషయంలో వీటికి హద్దులున్నాయి. ఎక్స్‌రే పద్ధతిలో బిడ్డకు సీసాతో బేరియం పట్టాలి. తల్లి రొమ్ము తాగేటప్పుడు జరిగేది అందులో కనిపించదు. రేడియేషన్ కూడా తగులుతుంది. కెమెరా పద్ధతికి చేయి తిరిగిన నిపుణులు కావాలి. అన్నవాహిక తెగిందన్న అనుమానం ఉన్న బిడ్డకు బేరియం తాగించడం ప్రమాదం కూడా.

ఆ బిడ్డకు కావలసిన మొదటి పరీక్ష చాలా చౌక. ఒక మోస్తరు గట్టి రబ్బరు లేదా ప్లాస్టిక్ ట్యూబును నోటిద్వారా మెల్లగా పంపాలి. మామూలు బిడ్డలో అది కడుపులోకి వెళ్తుంది. అన్నవాహిక తెగిన బిడ్డలో దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ట్యూబు అలాగే ఉంచి ఎక్స్‌రే తీస్తే సంచిలో చుట్ట చుట్టుకుని కనిపిస్తుంది. ట్యూబు మరీ మెత్తనిదయితే సంచిలోనే చుట్టుకుని లోపలికి వెళ్ళినట్లు భ్రమ కలిగిస్తుంది. అందుకే ఎక్స్‌రే తప్పనిసరి. కాన్పులు జరిగే ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా నర్సు ఈ ట్యూబు పరీక్ష చేయగలదు. కాని పరీక్ష చేయాలని ఆమెకు తోచాలంటే, అనుమానం పుట్టించే మాట ఇంటినుంచే రావాలి.

మాట దగ్గర చిక్కు

శిక్షణ పుస్తకాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేవారికి మొదట ఎదురయ్యే చిక్కు "ఫీడింగ్" అనే మాట. పట్టడం, తాగడం రెండూ అందులోనే ఉన్నాయి. "పాలు తాగుతోందా" అని రాసి ముందుకు పోతాం. నిజానికి మన ఇళ్ళలో తల్లులకు ఇంతకంటే మంచి మాటలున్నాయి. చీకడం వేరు, గుటక వేయడం వేరు, కక్కడం వేరు, పొలమారడం వేరు. ఏ అమ్మమ్మను అడిగినా ఈ నాలుగింటి తేడా చెబుతుంది. ఫారం ఆమె దగ్గరున్న జ్ఞానాన్ని ఒక్క "తాగడం"లో కుదించి తీసుకుంటోంది.

బస్తర్‌లో ఈ చిక్కు రెట్టింపు. ఫారం హిందీలో ఉంటుంది. ఇంట్లో మాట గోండీ, హల్బీ, దోర్లీ, ధుర్వీలలో ఏదో ఒకటి. ఇంగ్లీషులో పుట్టిన ప్రశ్న హిందీ దాటి గూడెం భాషలోకి వచ్చేసరికి "తాగిందా, లేదా" అన్న రెండు ముక్కలుగా మిగులుతుంది. మితానిన్ ఆ గూడెం మనిషే కాబట్టి తల్లి భాషలో ఎలా అడగాలో ఆమెకు తెలుసు. ఏమి అడగాలో ఫారం ఆమెకు చెప్పాలి.

లెక్క వేసి చూద్దాం

విమర్శకుడు తన సూచనకు కూడా అదే పరీక్ష పెట్టుకోవాలి. పాలు కక్కని పసిబిడ్డ ఉండదు. "కక్కుతోందా" అని అడిగితే అందరు తల్లులూ అవునంటారు. ఉదాహరణకు 4,000 మంది బిడ్డల్లో ఒకరికి అన్నవాహిక లోపం ఉందనుకుందాం. మన ప్రశ్నకు నూటికి ఇద్దరు తల్లులు అవునన్నారనుకుందాం. అంటే 80 మంది. అందులో నిజమైనది ఒక్కటి. మిగిలిన 79 మందికి పాలు ఆపమంటే, ఒకరిని కాపాడబోయి అనేకులకు హాని చేసినట్లవుతుంది.

కాబట్టి ప్రశ్నను బిగించాలి. పాలు పట్టకముందు కూడా నోట్లోంచి నురగ ఆగకుండా రావడం ఒకటి. మొదటిసారి నుంచీ పట్టిన ప్రతిసారీ ఉక్కిరిబిక్కిరై నీలంగా మారడం రెండోది. రెండూ కలిసి ఉంటేనే పాలు ఆపి, వెంటనే ట్యూబు పరీక్షకు పంపాలి. మిగిలిన వారందరికీ పాలు కొనసాగించాలి.

"ఇంత అరుదైన దానికి ఇంత శ్రమ ఎందుకు" అనేవారికి అదే లెక్క ఇంకొక జవాబు చెబుతుంది. ఒక గూడెంలో ఏడాదికి అయిదు కాన్పులు జరుగుతాయనుకుంటే, ఒక మితానిన్ 4,000 మంది బిడ్డలను చూడడానికి 800 సంవత్సరాలు పడుతుంది. అంటే తన జీవితంలో ఇటువంటి బిడ్డను ఆమె ఒక్కసారి కూడా చూడకపోవచ్చు. అనుభవం నేర్పలేని దాన్ని, శిక్షణలో ఒకసారి విని మరిచిపోయేదాన్ని, ఫారం గుర్తుచేయాలి. ఫారం అనేది ఉన్నదే అందుకు. పైగా ఈ ప్రశ్నలు అంగిటి చీలికను, నెలలు నిండని బిడ్డను కూడా పట్టిస్తాయి. వారు అంత అరుదు కారు.

ఏం మార్చాలి?

మార్చవలసింది ఎక్కువ లేదు. "ఎలా తాగింది" అన్న పాత ప్రశ్నను అలాగే ఉంచి, దానికింద మూడు చిన్న ప్రశ్నలు చేర్చాలి. ఎప్పటినుంచి? – మొదటి గుటక నుంచా, బాగుండి తర్వాతా? పాలు పట్టినప్పుడు ఏమవుతోంది? – అలసట, ఉక్కిరిబిక్కిరి, నీలం. పాలు ఎక్కడికి వెళ్తున్నాయి? – కడుపులోకా, ముక్కులోంచా, నురగలా నోట్లోంచా? ఇవి ఫారం మీద రాతలో కాక బొమ్మల్లో ఉంటే మరీ మంచిది. చీలిన పెదవి పక్కన అంగిలినీ చేర్చి, చూడడానికి ఒక టార్చి ఇవ్వాలి. కాన్పులు జరిగే ప్రతి కేంద్రంలో ట్యూబు, దాన్ని వాడే అలవాటు ఉండాలి. కొత్త ప్రశ్నలను ముందుగా కొన్ని గూడేల్లో పరీక్షించి, ఎందరిని సరిగా పట్టాయి, ఎందరిని అనవసరంగా తిప్పాయి అని లెక్కవేసిన తర్వాతనే అంతటా అమలుచేయాలి. గడ్చిరోలి వారు చూపిన దారి కూడా ఇదే.

విద్యార్థులు గమనించవలసింది ఒకటుంది. పరికరం అంటే మైక్రోస్కోపో, ఎక్స్‌రే యంత్రమో అనుకుంటాం. సరిగా కూర్చిన ప్రశ్న కూడా పరికరమే. దానికీ సున్నితత్వం ఉంటుంది, దోషం ఉంటుంది, దాన్నీ సరిచూసుకోవాలి. ఈసారి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పసిబిడ్డ పాలు తాగుతూంటే కాసేపు దగ్గర కూర్చుని గమనించండి. చీకడం, గుటక, ఊపిరి – ఆ తాళం వినిపిస్తుంది. ఆ తాళం ఎలా ఉంటుందో తెలిసినవారికే అది తప్పినప్పుడు తెలుస్తుంది.